పక్క గదిలో చెప్పిన మాట

తొంభైల మొదట్లో నేను సినిమా హీరోయిన్లకు డబ్బింగ్ చెప్పేదాన్ని. పరిశ్రమ మద్రాసులో మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు వచ్చేస్తున్న రోజులవి. మా ఆయనకు బ్యాంకులో బదిలీ దొరకడంతో మేమూ వచ్చేశాం. యూసుఫ్‌గూడలో రెండు గదుల వాటాలో దిగాం. పొద్దున్నే ఆటో ఎక్కితే కృష్ణానగర్ మీదుగా చెక్‌పోస్టు దాటి, బండరాళ్ళ మధ్య మెలికలు తిరిగే రోడ్డు మీద ఫిల్మ్‌నగర్ చేరేదాన్ని. అప్పటికింకా జూబ్లీహిల్స్‌లో ఇళ్ళకన్నా రాళ్ళే ఎక్కువ కనబడేవి.

నాకు పనులు ఇప్పించింది ఒక ప్రొడక్షన్ మేనేజరు. మద్రాసులో ఉన్నప్పటి నుంచీ తెలిసినవాడు. మా తెనాలి పక్క ఊరే. అన్నయ్యా అని పిలిచేదాన్ని. మా ఇంటికి భోజనానికి వస్తే అమ్మ పంపిన గోంగూర పచ్చడి అడిగి మరీ వేయించుకునేవాడు. "మీ అమ్మగారి చెయ్యి పడితే గడ్డికైనా రుచి వస్తుందమ్మా" అనేవాడు. అమ్మ హైదరాబాదు వచ్చినప్పుడు ఆయనే స్టేషనుకు కారు పంపాడు.

అమ్మ పోయిన రోజు నేను డబ్బింగ్ థియేటర్లో ఉన్నాను. హీరోయిన్ తన ఆడపడుచుతో కలిసి మరిదిని ఆటపట్టించే సన్నివేశం. సన్నివేశం పొడుగునా నవ్వులే. ఏడుపు చెప్పడం తేలిక, నవ్వు చెప్పడం కష్టం. తెర మీద అమ్మాయి పెదవులు ఎక్కడ విచ్చుకుంటే అక్కడ మన ఊపిరి విడవాలి, ఎక్కడ ముడుచుకుంటే అక్కడ ఆపాలి. పైగా అది నిజంగా వచ్చిన నవ్వులా ఉండాలి. పది గంటలకు కాస్త ముందు అద్దం అవతల మేనేజరు కనబడ్డాడు. సౌండ్ ఇంజనీరు చెవిలో ఏదో చెప్పాడు. ఇద్దరూ నా వంక చూశారు. నేను ఏమిటన్నట్టు చెయ్యి ఊపాను. ఆయన ఏం లేదు, కానివ్వమన్నట్టు చెయ్యి ఎత్తాడు. నేను నవ్వాను. మధ్యాహ్నం దాకా నవ్వుతూనే ఉన్నాను.

మూడు గంటలకు ఆఖరి ముక్క ఓకే అయ్యాక మేనేజరు తానే కాఫీ తెచ్చి పక్కన కూర్చున్నాడు.

"అమ్మగారికి ఒంట్లో బాగోలేదట. ఇప్పుడే కబురొచ్చింది. కారు పెట్టాను, బస్టాండుకు పద" అన్నాడు.

కారులో కూర్చున్నాక ఆయన మంచితనానికి నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. అది తలుచుకుంటే ఇవాళ్టికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

నేను చేరేసరికి దహనం అయిపోయింది. ఇల్లంతా కడిగిన తడి ఉంది. అమ్మ మంచం అప్పటికే పెరట్లోకి వెళ్ళిపోయింది. తమ్ముడు నన్ను చూసి ఏడవలేదు, కోప్పడ్డాడు.

"తొమ్మిదిన్నరకే ఫోన్ చేశాను కదే. మీ మేనేజరే తీశాడు. అమ్మ పోయిందని చెప్పాను. వెంటనే పంపిస్తానన్నాడు. పొద్దు గుంకేదాకా నీ కోసం ఆపాం. ఇంక ఆపనివ్వలేదు పెద్దవాళ్ళు."

పదింటికి బయల్దేరి ఉంటే అమ్మ ముఖం చూసేదాన్ని. నాకు ఆలస్యంగా తెలిసిందని మాత్రం తమ్ముడికి చెప్పాను. ఎందుకు ఆలస్యమైందో చెప్పలేదు. మా ఆయనకూ చెప్పలేదు. చెబితే ఆయన వెళ్ళి మేనేజరును నిలదీస్తాడు. నిలదీస్తే నేను మళ్ళీ అన్నయ్యా అని పిలవలేను. అలా పిలవలేకపోతే నాకు పని ఉండదు. పన్నెండో రోజు అయ్యాక తిరిగి వచ్చి, ఏమీ జరగనట్టు ఆయనకు నమస్కారం పెట్టాను. ఆయనా ఏమీ జరగనట్టే, "కానీమ్మా, పనిలో పడితే అన్నీ మరిచిపోతావు" అన్నాడు.

ఆ తర్వాతి సినిమాలో నవ్వు రాలేదు.

మాటలు చెప్పాను, ఏడుపు చెప్పాను, పాటకు ముందు వచ్చే సిగ్గు మూలుగులన్నీ చెప్పాను. నవ్వే చోటికి వచ్చేసరికి గొంతులో ఎవరో గుడ్డ కుక్కినట్టయ్యేది. బలవంతం చేస్తే దగ్గు వచ్చేది. ఇంజనీరు మంచివాడు, పాత సినిమాలో నా నవ్వు ఉంటే వెదికి తెచ్చి అతికించాడు. రెండో సినిమాకూ అలాగే గడిచింది. అల్లం రసం తాగాను, కలకండ చప్పరించాను. అబిడ్స్‌లో గొంతు డాక్టరు అద్దం పెట్టి చూసి ఏ లోపమూ లేదన్నాడు. ఈలోగా నిద్ర పట్టడం మానేసింది. ఇంట్లో ఫోన్ మోగితే గుండె దడదడలాడేది. ఓ రోజు రిసీవరు తియ్యబోయి కళ్ళు తిరిగి గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. గుండెజబ్బేమోనని మా ఆయన భయపడి, చెక్‌పోస్టు దిగువన ఉన్న డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాడు.

ఆ డాక్టరు గురించి చెప్పాలి. ఏభై దాటిన మనిషి. ఆయన దగ్గరికి కొండ మీద బంగళాల నిర్మాతలూ వచ్చేవారు, కృష్ణానగర్ నుంచి లైటుమెన్లూ జూనియర్ ఆర్టిస్టులూ వచ్చేవారు. అందరికీ ఒకటే బెంచీ. ముందు గదిలో బోరబండ నుంచి వచ్చే పెద్ద వయసు నర్సమ్మ బీపీ చూసేది. పట్టీ బిగిస్తూనే అందరినీ మూడు ప్రశ్నలు అడిగేది. నన్నూ అడిగింది.

"నిద్ర మంచిగ పడుతుందా బిడ్డా? బువ్వ తినబుద్ధయితుందా? ఉత్తగనే ఏడుపొస్తుందా?"

నా ముందు కూర్చున్న మేకప్ మనిషినీ అవే అడిగింది. కాలు బెణికి వచ్చిన కుర్రదాన్నీ అవే అడిగింది. బీపీ అంకె పక్కనే ఆ జవాబులు కూడా చీటీ మీద రాసేది. డాక్టరుగారు నా గుండె విన్నారు, ఈసీజీ తీయించారు. రెండూ బాగున్నాయి. చీటీ చూసి, "శుక్రవారం సాయంత్రం వచ్చి పక్క గదిలో ఆవిడతో మాట్లాడమ్మా" అన్నారు. ఆ గది సంగతి నాకు తెలుసు. జనం పిచ్చాసుపత్రి అనే ఎర్రగడ్డ పెద్దాసుపత్రిలో పనిచేసే ఒక కౌన్సిలరు మంగళ, శుక్రవారాలు వచ్చి కూర్చుని మనసు బాధలు వింటుందని బెంచీ మీద అనుకుంటుంటే విన్నాను.

"నాకు పిచ్చా అండీ?" అన్నాను.

ఆయన నవ్వలేదు. "నేను పాతికేళ్ళుగా కడుపునొప్పికి మాత్రలు ఇస్తున్నానమ్మా. కొన్ని కడుపునొప్పులు కడుపులో ఉండవని ఎప్పుడో తెలిసింది. తెలిసీ మాత్రలే ఇచ్చి పంపడం సిగ్గనిపించింది. అందుకే ఆవిడను బతిమాలి తెచ్చుకున్నాను. ఇక్కడ ఇదీ వైద్యమే. అదే బెంచీ, అదే చీటీ. సూదిమందుకు సిగ్గుపడతావా? దీనికీ అంతే."

అంత మామూలుగా చెప్పబట్టే నేను వెళ్ళాను. వేరే ఎక్కడికో పంపి ఉంటే, పెద్ద బోర్డు ఉన్న చోటికి వెళ్ళమని ఉంటే, చచ్చినా వెళ్ళేదాన్ని కాదు.

పక్క గదిలో ఆవిడకు నలభై ఏళ్ళుంటాయి. నేత చీర, బల్ల మీద స్టీలు చెంబుతో మంచినీళ్ళు. సలహాలు ఇస్తుందనుకున్నాను. ఇవ్వలేదు. విన్నది. మొదటి రెండుసార్లూ నేను గొంతు గురించే చెప్పాను. మూడోసారి అమ్మ గురించి కొంచెం చెప్పాను. నాలుగోసారి ఆవిడ అడిగింది, "మీరు మైకు ముందు ఆఖరిసారి బాగా నవ్వింది ఎప్పుడండీ?"

అమ్మ పోయిన రోజు పొద్దున్న, అన్నాను. అప్పటిదాకా ఆ రెండిటినీ నేను కలిపి చూసుకోలేదు. నిజంగా చూసుకోలేదు. తెనాలిలో అమ్మను కింద పడుకోబెట్టి ఉన్నారు. అదే వేళకు నేను ఫిల్మ్‌నగర్‌లో తల వెనక్కి వాల్చి నవ్వుతున్నాను. ఆ సంగతి తెలిసిన ఇద్దరు మనుషులు అద్దం అవతల నిలబడి, నా నవ్వు బాగా పడిందో లేదో చూసుకుంటున్నారు.

అంతా చెప్పాను. ఫోన్ సంగతి, మేనేజరు తెచ్చిన కాఫీ, కారులో నేను ఆయన కోసం పెట్టుకున్న కన్నీళ్ళు, వచ్చాక పెట్టిన నమస్కారం. ఎక్కువ సిగ్గుపడింది ఆ నమస్కారానికే. ఆవిడ నీళ్ళ చెంబు నా వైపు జరిపింది. "ఇంతకాలం ఒక్కరే మోశారు" అంది.

నెలన్నర వెళ్ళాను. ఊపిరి తీసి వదిలే పద్ధతి నేర్పింది. అమ్మకు ఉత్తరం రాయమంది, రాశాను. ఫోన్ మోగినప్పుడు పారిపోకుండా మూడు మోతలు నిలబడి వినమంది. నిద్ర పట్టసాగింది. ఓ రోజు బీపీ చూస్తూ నర్సమ్మ తన కోడలు గురించి ఏదో అంటే ఫక్కుమని నవ్వాను. ఆమె పట్టీ వదిలేసి నా ముఖం చూసింది.

"గిదేంది, గింత మంచిగ నవ్వుతవ్. ఇన్నొద్దులు యాడ దాచిపెట్టినవ్?"

ఆ సాయంత్రం ఇంటికి నడిచే వెళ్ళాను. ఒళ్ళు తేలిగ్గా ఉంది.

అప్పటికి ఒక పెద్ద సినిమా ఒప్పుకుని ఉన్నాను. నిర్మాత ఇల్లు జూబ్లీహిల్స్‌లోనే, మేనేజరు పనిచేసేది ఆయన దగ్గరే. ఆ సినిమాలో హీరోయిన్‌కు అల్లరి పాత్ర. డేట్ చెప్పారు, వాయిదా వేశారు. మళ్ళీ చెప్పి మళ్ళీ వాయిదా వేశారు. మూడోసారి ఆఫీసుకు నేనే ఫోన్ చేస్తే, "మిమ్మల్ని రెస్టు తీసుకోమన్నారండీ సారు. ముందు ఆరోగ్యం చూసుకోమన్నారు" అన్నారు.

నా ఆరోగ్యం గురించి నిర్మాతకు ఎవరు చెప్పారో అర్థం కాలేదు. గొంతు అనుకుంటారేమోలే అనుకున్నాను.

ఆ ఆదివారం మేనేజరు ఇంటికి వచ్చాడు. మా ఆయన కుర్చీ వేశాడు. మంచినీళ్ళు ఇస్తే ముట్టుకోలేదు.

"ఏమ్మా, మీ అమ్మ పోయిన కబురు నేను దాచానని ఊరంతా చెప్పుకుంటున్నావట."

మా ఆయన "ఏం కబురండీ?" అన్నాడు.

"నిన్న నిర్మాతగారు పదిమంది ముందు అడిగారు నన్ను. ఏవయ్యా, ఆ పిల్ల మనసు విరిగిపోయేలా చేశావటగా, పిచ్చి డాక్టరు చుట్టూ తిరుగుతోందటగా అని. నేనేం ద్రోహం చేశాను? రీలు పూర్తి కాకుండా నిన్ను పంపేస్తే ఎంతమంది పని ఆగిపోయేది? ఇంకో ఐదారు గంటలు ఆగితే పోయిన మనిషి ఎక్కడికీ పోదు కదా అనుకున్నాను. నీకు పని ఇప్పించినందుకు నాకు ఇదా?"

పోయిన మనిషి ఎక్కడికీ పోదు. అమ్మ పచ్చడి తిన్న నోటితోనే అన్నాడు ఆ మాట. ఆయన వెళ్ళాక మా ఆయన చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు. "ఇంత జరిగితే నాతో ఒక్క మాట చెప్పలేదు. ఎవరో వచ్చి చెబితే తెలియాలా నాకు?" అన్నాడు. ఆయన బాధ న్యాయమే.

ఆ మాట నేను పక్క గదిలో తప్ప లోకంలో ఎక్కడా అనలేదు. మంగళవారం వెళ్ళి కూర్చోకుండానే ఆవిడను అడిగాను.

"నా గురించి ఎవరికి చెప్పారు?"

జరిగింది వినేసరికి ఆవిడ ముఖం పాలిపోయింది. ఇలా అంది, "నేనెవరికీ చెప్పలేదండీ. కానీ ఫైల్లో రాశాను. ఫైలు డాక్టరుగారి బీరువాలో ఉంటుంది, ఆయన చదువుతారు. అందరి ఫైళ్ళూ ఒకటే, మందులతో పాటు ఇదీ అని ముందే అనుకున్నాం. ఆ సంగతి మీకు మొదటి రోజే చెప్పి ఉండాలి. చెప్పలేదు. తప్పు నాదే."

డాక్టరుగారి గదిలోకి వెళ్ళాను. ఆయన తడుముకోలేదు.

"నేనే చెప్పానమ్మా. షుగరు చూపించుకోవడానికి వచ్చి నీ గొంతు సంగతి అడిగారు నిర్మాతగారు. గొంతు బంగారంలా ఉంది, మనసుకు దెబ్బ తగిలింది, ఇక్కడే నయం చేస్తున్నాం అన్నాను. ఎందుకు తగిలిందన్నారు. మీ మేనేజరు చేసిన పని ఇదీ అని చెప్పాను. నీ తరఫున ఎవరో ఒకరు మాట్లాడొద్దా? ఆ మేనేజరుకు బుద్ధి చెబుతారనుకున్నాను."

"నన్ను అడిగారా?"

"ఇందులో దాచుకోవలసింది ఏముందమ్మా? మనమే దాచుకుంటూ పోతే జనానికి భయం ఎలా పోతుంది? నీకు షుగరుందని ఆయనతో అంటే కోపం వచ్చేదా?"

"వచ్చేదండీ. షుగరుందని చెప్పినా తప్పే."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆ మాట ఆయనకు అంతకుముందు తట్టలేదని ముఖం చూస్తే తెలుస్తోంది. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మేనేజరు స్వార్థపరుడు, ఆయన చేసిన పని నాకు అర్థమయ్యేదే. ఈయన మంచి మనిషి. సిగ్గుపడక్కర్లేదని చెప్పి నా చేత నోరు తెరిపించిన మనిషి. సిగ్గుపడక్కర్లేని సంగతైనా అది నాదేనని ఆయనకు తోచలేదు.

బయటికి వస్తుంటే నర్సమ్మ నా చెయ్యి పట్టుకుంది. గోడ పలచన, అంతా విన్నట్టుంది.

"మా సారు దిల్ మంచిదే బిడ్డా. జర ఓర్సుకో."

నేను చెయ్యి విడిపించుకున్నాను. ఆవిడ ఏ పాపమూ ఎరగదు. అలా చేసినందుకు తర్వాత బాధపడ్డాను.

ఆ పెద్ద సినిమా వేరే అమ్మాయి చెప్పింది. తర్వాత రెండు ఆఫీసుల్లో నా పేరు చెబితే మాట మార్చారట. ఒకసారి థియేటరు వరండాలో నిలబడి ఉండగా లోపలి నుంచి ఎవరో "ఆవిడా? ఎర్రగడ్డ కేసు కదా" అనడం విన్నాను. నా చెవులతో విన్నాను. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, నేనే అని చెప్పాలనుకున్నాను. వెనక్కి తిరిగి ఆటో ఎక్కాను. ఏడాది తిరిగేసరికి సినిమా పిలుపులు ఆగిపోయాయి.

కౌన్సిలరు ఆ నెలాఖరుకే అక్కడ మానేసింది. వెళ్ళే ముందు తాను రాసిన కాగితాలు ఫైల్లోంచి తీసి నా చేతిలో పెట్టి, "ఇవి మీవి" అంది. నేను వాటిని వంటింట్లో స్టవ్ మీద కాల్చేశాను. కావాలంటే తాను పనిచేసే పెద్దాసుపత్రి ఓపీకి రమ్మని, ఈసారి రాసేది ఎవరు చూస్తారో, ఎక్కడ ఉంటుందో ముందే చెప్పింది. వెళ్ళకూడదనుకున్నాను. మళ్ళీ నిద్ర పట్టడం మానేసింది. వెళ్ళాను. రహమత్‌నగర్ మీదుగా ఎర్రగడ్డకు నడిచి వెళ్ళిన మొదటి రోజు తల నిండా కొంగు కప్పుకున్నాను. ఎలాగూ ఊరంతా ఆ మాటే అంటోంది కదా, ఇంక ఎవరి కోసం కప్పుకోవాలి అనిపించి రెండోసారి నుంచి మానేశాను. శనివారాలు బ్యాంకు ఒంటిపూట అయ్యాక మా ఆయన కూడా వచ్చేవాడు. ఓ రోజు ఆవిడ ముందే ఆయన, "నాతో చెప్పుకోలేనంతగా నేనేం చేశాను?" అని అడిగాడు. ఆ ప్రశ్న తేలడానికి చాలా శనివారాలు పట్టింది. తేలింది మాత్రం నిజం.

తర్వాత టీవీలో హిందీ సీరియళ్ళు తెలుగులోకి రావడం మొదలైంది. అత్తలకూ వదినలకూ గొంతు చెప్పాను. బతుకు గడిచింది, మరీ హీనంగా ఏం గడవలేదు. మేనేజరు తన కూతురి పెళ్ళి శుభలేఖ పట్టుకొచ్చాడు. అక్షింతలు తీసుకుని లోపల పెట్టాను. పెళ్ళికి వెళ్ళలేదు.

డాక్టరుగారు ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చారు. ఇల్లు ఎలా కనుక్కున్నారో తెలియదు. బాగా నీరసించి ఉన్నారు. కాఫీ ఇచ్చాను.

"పొరపాటు చేశానమ్మా. చాలా రోజులు ఒప్పుకోలేదు, నాతో నేనే వాదించుకున్నాను. ఇప్పుడు పక్క గది కాగితాలు వేరే బీరువాలో ఉంటున్నాయి. కొత్తగా వచ్చినావిడ దగ్గరే తాళం. నేను అడిగినా ఇవ్వదు" అన్నారు.

"మంచి పని చేశారండీ" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. అంతకుమించి ఇంకేదైనా అంటానేమోనని ఆయన కాసేపు ఆగారు. నేను ఖాళీ కప్పు అందుకున్నాను. లేచి నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. జ్వరం వచ్చినా ఆయన దగ్గరికి నేను మళ్ళీ వెళ్ళలేదు.

మా కింది వాటాలో ఉండే ఆవిడ కాన్పయ్యాక ముభావంగా అయిపోతే, ఆ క్లినిక్కుకే పంపాను. అంత మామూలుగా, జలుబుకు వెళ్ళినట్టు వెళ్ళే చోటు అప్పట్లో మా వైపు ఇంకోటి లేదు. లోపలికి వెళ్ళగానే మొదట, రాసిన కాగితాలు ఎవరు చూస్తారని అడగమని నేర్పి పంపాను. ఆవిడ బాగుపడింది. ఆ బిడ్డను ఎత్తుకుని నా దగ్గరికి వస్తూ ఉండేది.

నా మట్టుకు నేను, ఏ డాక్టరైనా పరీక్ష అంతా అయ్యాక కలం ఎత్తి, "ఇంకేమైనా ఉందా అమ్మా, చెప్పండి" అంటే, ముందు ఆ కాగితం వంక చూస్తాను. మోకాళ్ళ నొప్పి గురించి చెబుతాను. అంతకుమించి ఏమీ లేదంటాను.